నల్లా రాని రోజుల లెక్క తీయండి: గ్రామీణ నీటి సరఫరా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు, చింతపల్లి మండలాల్లో, పక్క జిల్లాలోకి పోయిన సంస్థాన్ నారాయణపురం, చౌటుప్పల్ మండలాల్లో మంచినీటి పథకాలు నడపడం, నీళ్లు పరీక్ష చేయడం, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు, ఎముకలు చెడే జబ్బు) బాధితుల వైద్యం, పింఛన్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మా పని. ఎండలు ముదరకముందే మీ దృష్టికి తేవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల కింద నడిచిన పంచాయతీలకు 2025 డిసెంబరు ఎన్నికలతో సర్పంచులు వచ్చారు. ఊరి ట్యాంకు, వాల్వు, ట్రాక్టరు ఇప్పుడు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. అందుకే మీకు రాస్తున్న లేఖే అయినా వాళ్లూ చదవాలని బహిరంగంగా పెడుతున్నాం.

2015లో రాష్ట్రంలో 967 ఫ్లోరైడ్ ఆవాసాలు, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు, వాడలు ఉండేవి, 2020 నాటికి ఒక్కటీ లేదు అన్నది కేంద్రం లెక్క. ఆ సున్నా వెనక నిజంగానే పెద్ద పని జరిగింది. నిజాం కాలం నుంచి బోరు, బాయి తప్ప దిక్కులేని ఊళ్లకు మిషన్ భగీరథ పథకం పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ ఆ లెక్క ఊరికి మంచి నీటి ఆధారం అందిందా లేదా అని చూసి తీసింది. మనిషి నోట్లోకి ఏ నీళ్లు పోతున్నాయో చూసి తీసింది కాదు. భూమిలో ఉన్న ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. నల్లా వచ్చిన రోజు మన ఒంట్లోకి రాదు, నల్లా రాని రోజు వస్తుంది. ఎముకలో పేరుకునేది ఆ రోజులదే. మీ శాఖ ఇవాళ్టికీ లెక్కపెట్టనిది ఆ రోజులనే.

ఇక్కడి నీళ్లు ఎందుకిట్లా ఉన్నాయో రెండు మాటల్లో చెప్తాం, తర్వాత చెప్పేదానికి అది అవసరం. మన కింద ఉన్నది గ్రానైటు. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను అంత ఎక్కువగా కరగనివ్వదు. ఇక్కడి బోరు నీళ్లలో బైకార్బొనేట్, క్షారగుణం ఎక్కువ కాబట్టి కాల్షియం సున్నంలా విడిపోయి పక్కకు పోతుంది, ఫ్లోరైడ్‌కు అడ్డే ఉండదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు రాయితో అంతకాలం నానినట్టు. ఎండాకాలంలో మట్టం పడిపోయి జనం కొత్త బోర్లు దింపే రోజులు, భగీరథ నీళ్లు తగ్గే రోజులు ఒకటే కావడం మా ప్రాంతపు అసలు ప్రమాదం.

ఇప్పుడు ఊరి ట్యాంకు దగ్గరికి రండి. చాలా ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకులోకి రెండు పైపులు పోతాయి. ఒకటి భగీరథది, రెండోది పాత బోరుది. మధ్యలో ఒక వాల్వు. పంపుహౌస్‌లో కరెంటు పోయినా, రోడ్డు పనికి వచ్చిన జేసీబీ పైపు పగలగొట్టినా, దారిలో ఎవరో ఎయిర్ వాల్వు విప్పినా ఆ పూట నీళ్లు సగమే ఎక్కుతాయి. ఊళ్లో గొడవ అవుతుందని వాటర్‌మన్ బోరు వాల్వు తిప్పుతాడు. అతని తప్పేం లేదు, నీళ్లు ఇవ్వమనే అందరూ అడుగుతారు, ఏ నీళ్లు అని ఎవరూ అడగరు. బోరులో లీటరుకు 3.5 మిల్లీగ్రాములు, నది నీళ్లలో 0.5 ఉన్నాయనుకోండి. సగం సగం కలిస్తే ట్యాంకులో 2 అవుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉండాల్సింది 1 లోపు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. 1 దాటకుండా ఉండాలంటే ఈ బోరు నీళ్లు ఆరింట ఒక వంతు మించకూడదు. అంటే 40,000 లీటర్ల ట్యాంకులో ఆరున్నర వేల లీటర్లు. గేజీ లేని ట్యాంకు మీద, రాత్రిపూట, చేతి అంచనాతో ఆ కొలత సాధ్యమా? సాధ్యం కాదు కాబట్టి కలపడమే ఆపాలి.

వాల్వు మూయమని సర్క్యులర్ ఇస్తే సరిపోదు, వాల్వు ఉన్నంతకాలం తిరుగుతూనే ఉంటుంది. 1.5 దాటిన ప్రతి బోరు పైపును ట్యాంకు నుంచి కోసి ఎండ్ క్యాప్ వేయించండి. ఆ బోరును మూసేయమని మేం అనడం లేదు. ఊరి మధ్యలో నేల మీద ఒక సింటెక్స్ ట్యాంకు పెట్టి, దానికి ఎరుపు రంగు వేసి, బట్టలకు, మరుగుదొడ్లకు, ఇల్లు కట్టుకోవడానికి అక్కడి నుంచి తీసుకోనివ్వండి. పశువులకు మాత్రం ఆ నీళ్లు వద్దు. బర్రెలకూ ఫ్లోరోసిస్ వస్తుంది, వాటి పళ్లు అరిగిపోతాయి, కాళ్లు పట్టేస్తాయి.

బోరు కోసేస్తే నల్లా రాని రోజు జనం ఏం తాగాలి? జవాబు ఇప్పటికే పంచాయతీ ఆవరణలో నిలబడి ఉంది. రాష్ట్రంలో ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు ఇచ్చారు. భగీరథ తలా వంద లీటర్ల లెక్కతో కట్టిన పథకం. కానీ ఎముకను కాపాడేది అందులో పదో వంతే, తాగడానికి, వండుకోవడానికి పోయే నీళ్లు. 1,500 మంది ఉన్న ఊరికి తలా 10 లీటర్లు అంటే రోజుకు 15,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు మూడు ట్రిప్పులు. ఇంత చిన్న ఏర్పాటు లేకనే ఊరంతా మళ్లీ బోరు నీళ్లకు పోతున్నది.

ఇక్కడ జరిగే పొరపాటు చెప్పాలి. పంచాయతీ ట్యాంకరును మామూలుగా దగ్గర్లో ఉన్న పొలం బోరు దగ్గర నింపుతారు, అది మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకరు కదా. అదే అలవాటుతో మంచినీళ్లూ అక్కడే నింపితే ట్యాంకరు పంపీ లాభం లేదు. ఏ ఊరి ట్యాంకరు భగీరథ బల్క్ ట్యాంకు దగ్గర ఏ పాయింటులో నింపుకోవాలో ఇప్పుడే రాసి పెట్టాలి, అక్కడ గేటు వాల్వు, హోస్ పైపు ముందే బిగించి ఉండాలి. ట్యాంకరు కడిగి, నింపిన తర్వాత క్లోరిన్ చూడాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ చూపిస్తే 5,000 లీటర్లకు తాజా బ్లీచింగ్ పౌడర్ 40 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, మడ్డి దిగాక పైతేట మాత్రమే పోసి అరగంట ఆగాలి. మూతి విప్పి నెలలు గడిచిన సంచిలో పౌడరుంటుంది కానీ క్లోరిన్ ఉండదు, ఆ సంచి వాడకూడదు. పంచేటప్పుడు ట్యాంకరును చౌరస్తాలో ఆపి బిందెల కొట్లాట పెట్టించకండి. నడవలేని వాళ్లున్న ఇళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ట్యాంకరు ముందు ఆ ఇళ్ల ముందర ఆగి, బిందె లోపలికి తీసుకుపోయి పెట్టి, తర్వాత మిగతా వాడకు పోవాలి. చాలా ఊళ్లలో పైపులైను చివరి కొస ఎస్సీ కాలనీదో తండాదో అవుతుంది. వచ్చిన నీళ్లు ముందు వాడలోనే అయిపోతాయి కాబట్టి ట్యాంకరు మొదటి ట్రిప్పు ఆ కొసకే పోవాలి.

ప్రెషరు లేని కొస ఇళ్ల దగ్గర ఇంకొకటి చూస్తాం. నల్లాకు నీళ్లు ఎక్కవని రెండడుగుల గుంత తవ్వి పైపును కిందికి దించుతారు. బిందె గుంతలో పెట్టి, నడుము వంచి ఎత్తాలి. మెడ, వెన్ను బిగుసుకుపోయిన మనిషికి అది సాధ్యం కాదు. పైగా సరఫరా ఆగినప్పుడు ఆ గుంతలో నిలిచిన మురుగును పైపు లోపలికి పీల్చుకుంటుంది. దీనికి జనం నల్లాలకు బిగించుకున్న మోటార్లను అధికారులు పట్టుకెళ్లడం, జరిమానాలు వేయడం మందు కాదు. వాడలవారీగా వాల్వులు బిగించి, ఒక్కో వాడకు వేరే సమయం ఇస్తే కొస నల్లా కూడా నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో పారుతుంది. ఒక ఊరికి మూడు నాలుగు వాల్వులు, వాటిని వేళకు తిప్పే ఒక మనిషి కావాలి. ఆ మనిషి జీతం నెలల తరబడి ఆగితే ఈ లేఖలో రాసినవేవీ నడవవు. ఊళ్లో ఇట్లాంటి పనులన్నీ చేసే పంచాయతీ మల్టీపర్పస్ కార్మికుల జీతాన్ని పంచాయతీ దగ్గర డబ్బులున్నప్పుడు ఇచ్చేదిగా ఉంచకండి.

ఇక వంట. ఫ్లోరైడ్ అనగానే అందరూ తాగే నీళ్ల గురించే మాట్లాడతారు. ఆర్వో ప్లాంటులో వడపోసి అమ్మే నీళ్ల క్యాన్ తెచ్చుకున్న ఇంట్లో కూడా అన్నం, పప్పు నల్లా నీళ్లతోనో బోరు నీళ్లతోనో వండుతారు, ఇరవై లీటర్ల క్యాన్ వంటకు ఖర్చుపెట్టే స్థోమత ఎంతమందికి ఉంటుంది? గంజి వంచకుండా కుక్కరులో వండే అన్నం పోసిన నీళ్లన్నీ పీల్చుకుంటుంది. పప్పు ఎంత మరిగితే నీళ్లు అంత ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క మాట ప్రతి అంగన్‌వాడీ గోడ మీద రాయించండి.

అంగన్‌వాడీ పేరు ఎత్తాం కాబట్టి, మీరు మొదట చేయాల్సిన పని అక్కడే ఉందని చెప్తాం. శాశ్వత దంతాల పింగాణీ పొర పుట్టిన కొద్ది నెలల నుంచి ఎనిమిదేళ్ల వయసు లోపల తయారవుతుంది. ముందు పళ్లది నాలుగైదేళ్లకే అయిపోతుంది. ఆ వయసులో పడ్డ పసుపు, గోధుమ చారలు తర్వాత ఎన్ని మంచి నీళ్లు తాగినా పోవు. పసిపిల్లల ఎముక పెద్దవాళ్ల ఎముక కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. బాలామృతం కలిపే నీళ్లు, గర్భిణులకు ఆరోగ్యలక్ష్మి భోజనం వండే నీళ్లు, బడిలో మధ్యాహ్న భోజనం నీళ్లు, ఈ మూడూ ఏడాదిలో ఏ ఒక్క రోజూ బోరువి కాకూడదు. నల్లా రాలేదన్న కారణం ఇక్కడ చెల్లకూడదు.

దానికి భగీరథ ఒక్కటే నమ్ముకోవద్దు, వాన నీళ్లు పట్టండి. మా ప్రాంతంలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. 60 చదరపు మీటర్ల స్లాబు ఉన్న అంగన్‌వాడీ మీద పడేదాంట్లో ఐదో వంతు వృథా పోయినా 33,000 లీటర్ల పైన దిగుతుంది. 30 మంది పిల్లలకు తాగడానికి, వండడానికి తలా 3 లీటర్లు అంటే రోజుకు 90. పదివేల లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే నూట పది రోజులు నడుస్తుంది. ఎండాకాలం గడిచిపోతుంది. వాననీళ్లలో ఫ్లోరైడ్ ఉండదు.

ఇటువంటి ట్యాంకులు ఇదివరకు కట్టి ఎందుకు పాడుపెట్టామో కూడా చూడాలి. మొదటి వాన స్లాబు మీది దుమ్ము, పిట్టల రెట్ట మోసుకొస్తుంది. మొదటి 2 మిల్లీమీటర్ల వానను, అంటే ఈ స్లాబుకు 120 లీటర్లను, పక్కకు వదిలే పైపు లేకపోతే ట్యాంకు మొదటి నెలలోనే వాసన కొడుతుంది, ఆయా దాన్ని వదిలేసి మళ్లీ బోరు కొడుతుంది. ఆ పైపు అడుగున మూత బిగించి, ప్రతి వాన తర్వాత విప్పి ఖాళీ చేసే పని ఎవరిదో రాసి ఉండాలి. ట్యాంకు లోపలికి వెలుతురు పోకూడదు, పోతే పాచి పడుతుంది. మూతకు, ఓవర్‌ఫ్లో పైపుకు సన్న జాలీ లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. సిమెంటు రేకుల కప్పు నుంచి పట్టిన నీళ్లు తాగడానికి వద్దు. నల్లా ఎత్తు ట్యాంకు అడుగు నుంచి నాలుగైదు అంగుళాలు ఉంటే మడ్డి గ్లాసులోకి రాదు. నెలకోసారి క్లోరిన్ వేయాలి. పునాస వానల లోపు కడితే వచ్చే ఎండాకాలానికి నిండుతుంది. టెండరు జూలైలో పిలిస్తే ఇంకో ఏడాది పోయినట్టే.

ఇంట్లో, బడిలో అన్నీ సరిగ్గా నడిచినా మిగిలిపోయేది పొలం. నాట్లకు, కలుపులకు, పత్తి ఏరడానికి, ఉపాధి పనికి పోయిన మనిషి పొద్దంతా తాగేది పక్క పొలం బోరు నీళ్లే. ఎండలో పనిచేసే మనిషి ఐదారు లీటర్లు తాగుతాడు. బోరులో 4 మిల్లీగ్రాములుంటే అక్కడే ఇరవై పైన ఒంట్లోకి పోయింది, ఇంట్లో నల్లా ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. అంటే ఒళ్లు వంచి బతికేవాడికే విషం ఎక్కువ మోతాదులో అందుతున్నది. ఉపాధి పని దగ్గర తాగునీరు, నీడ కూలీల హక్కుగా చట్టంలోనే ఉన్నాయి. 40 మంది కూలీలకు రోజుకు 200 లీటర్లు, పది క్యాన్లు. ఈ ఖర్చు కూలీలను చూసుకునే మేట్ జేబు మీద పెట్టకండి, పని అంచనాలోనే ఒక పద్దుగా రాయించండి. పొలం బోర్లకు గూడా పరీక్ష చేసి, స్టార్టర్ డబ్బా మీద ఫ్లోరైడ్ అంకె పెయింటుతో రాయిస్తే ఏ బోరు దగ్గర తాగొచ్చో, ఏ బోరు దగ్గర తాగొద్దో కూలీకి తెలుస్తుంది. చెరువు కింద ఉన్న పాత బాయి నీళ్లు మేలో, ఎనిమిది వందల అడుగుల బోరు మేలో అంచనాతో కాక అంకెతో తేలుతుంది.

ఆర్వో ప్లాంట్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. భగీరథ నీళ్లు వస్తున్న ఊళ్లో కూడా ఐదు, పది రూపాయలిచ్చి క్యాన్ కొంటున్నారు, ఎందుకంటే నల్లా నీళ్లు కొన్ని రోజులు క్లోరిన్ వాసన కొడతాయి. రాత్రి బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి ఆ వాసన పోతుందని ఎవరైనా చెప్పారా? ఆర్వో బోరు నీళ్లను రెండుగా చీలుస్తుంది. సగం క్యాన్‌లోకి, సగం మోరీలోకి. మోరీలోకి పోయే సగంలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు ఉంటుంది. అది ఇంకుడు గుంతలోకో పాడుబడ్డ బోరులోకో పోతే ఊరి భూగర్భ జలం ఇంకా చెడుతుంది. ఆ ఆర్వో నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి, ఫ్లోరైడ్ ఊళ్లో పెరుగుతున్న పిల్లకు కాల్షియం చాలా అవసరం. నీళ్లు వడపోసే పొర (మెంబ్రేన్) పాతబడ్డాక ఫ్లోరైడ్ దాటి వస్తుంది, కానీ ప్లాంటు నడిపేవాళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి) కొలిచే మీటరు ముంచి చూపించి బాగుందంటారు. టీడీఎస్ మీటరుకు ఫ్లోరైడ్ కనబడదు. 800 టీడీఎస్‌లో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో లేదో ఆ మీటరు ఎట్లా చెప్తుంది? ప్రతి ఆర్వో ప్లాంటుకు మూడు నెలలకోసారి ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష, వృథా నీళ్లు మరుగుదొడ్లకో కట్టుబడికో మళ్లించే పైపు తప్పనిసరి చేయండి.

మన జిల్లా పేరుతో తెలిసిన నల్లగొండ టెక్నిక్‌ను మళ్లీ తెద్దామని అప్పుడప్పుడూ ఎవరో అంటుంటారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు చేసిన మంచి పని అది: పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ వేసి పది నిమిషాలు మెల్లగా కలిపి, గంట తేర్చి పైనీళ్లు తీయడం. అయితే పటిక మోతాదు ఒక్క ఫ్లోరైడ్ మీదే ఆధారపడదు, నీటి క్షారగుణం మీద కూడా ఆధారపడుతుంది, కాబట్టి ఒక్కో బోరుకు ఒక్కో కొలత. సున్నం తక్కువైతే అల్యూమినియం నీళ్లలోనే మిగులుతుంది. అడుగున చేరే మడ్డిని రోజూ ఎక్కడ పారబోయాలో తెలియదు. యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లదీ ఇదే కథ. కాస్టిక్ సోడాతో, ఆ తర్వాత పలుచని ఆమ్లంతో కడిగి మళ్లీ పనికి తేవాలి. కడగని ఫిల్టరు కొన్నాళ్లకు ఉత్త డబ్బానే. నది నీళ్లు అందుతున్న చోట వీటికి డబ్బులు పెట్టడం కంటే, అవి ఆగని ఏర్పాటుకు పెట్టడం మేలు అన్నది మా గట్టి అభిప్రాయం.

పరీక్షల సంగతి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టు పరీక్ష నేర్పాలని ఉంది. కిట్టులో రంగు గులాబీ నుంచి పసుపు వైపు మారుతుంది. నీళ్లు గీత దాకా కచ్చితంగా పోయకపోతే, సీసాను ఆ నీళ్లతోనే రెండుసార్లు తొలవకపోతే, రంగును పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి చూడకపోతే అంకె తప్పుతుంది. గడువు తీరిన రసాయనం ఎప్పుడూ మంచి అంకెనే చూపించినా ఆశ్చర్యం లేదు. కిట్టు 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ చూపిస్తే ప్లాస్టిక్ సీసాలో అర లీటరు ల్యాబుకు పంపాలి, అక్కడ ఎలక్ట్రోడు మీటరుతో చూడాలి. శాంపిలు ఎక్కడ పడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. శుద్ధి కేంద్రం గేటు దగ్గర పట్టిన నీళ్లు ఎప్పుడూ బాగానే ఉంటాయి. కొస నల్లా దగ్గర, అంగన్‌వాడీ వంట బిందెలో, సరఫరా ఆగిన మూడో రోజు పట్టండి. ట్యాంకు మీద కడిగిన తేదీ రాస్తున్నారు కదా, దాని పక్కనే ఫ్లోరైడ్ ఎంత, క్లోరిన్ ఎంత, ఈ నెల నల్లా రాని రోజులెన్ని అనే మూడు అంకెలు రాయించండి. మీ శాఖ సమీక్షకు కూడా ఆ మూడో అంకె రావాలి.

ఈ పరీక్ష పనికి ఒక సూచన ఉంది. ఫ్లోరోసిస్ వల్ల గడ్డపార పట్టలేని, బరువు ఎత్తలేని చదువుకున్న ఆడపిల్లలు, మగపిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. బల్ల ముందు కూర్చుని చేసే పని ఇది. నెలకు ఇంత అని గౌరవ వేతనంతో వాళ్లకే ఇవ్వండి. ఏ నీళ్లు తమను ఇట్లా చేశాయో ఆ నీళ్ల మీద నిఘా వాళ్ల చేతిలో ఉంటుంది. ఉపకారంగా కాదు, ఉద్యోగంగా.

బాధితుల విషయంలో మాకు కోపం ఉంది, దాచుకోం. శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి చిన్నతనం నుంచి తన ఒంటినే సాక్ష్యంగా చూపించి ఈ ప్రాంతానికి నీళ్లు అడిగారు. 2023 జనవరిలో చనిపోయారు. ఆయన తరం వాళ్లు కెమెరాల ముందు నిలబడితేనే ఇక్కడికి పైపు వచ్చింది. ఇంకా ఎవరూ అట్లా నిలబడాల్సిన అవసరం రాకూడదు. ఎన్నికలప్పుడు, తనిఖీలప్పుడు వంకర కాళ్ల ఫొటోలు తీయడం, పిల్లలను నోరు తెరవమనడం ఆపమని మీ అధికారులకు రాతపూర్వకంగా చెప్పండి. రోగి అనుమతి లేకుండా డాక్టరు కూడా ఫొటో తీయకూడదు కదా.

వైకల్య ధ్రువపత్రంలో చిక్కు ఏమిటంటే, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఫ్లోరోసిస్‌కు వేరే పేరు లేదు, కాళ్లూ చేతుల వైకల్యం కిందే కొలుస్తారు. కాలు వంకర ఉంటే శాతం వస్తుంది. బయటికి నిటారుగా కనిపిస్తూ మెడ తిప్పలేని, వెన్ను వంచలేని మనిషికి 40 శాతం రాక పింఛను ఆగిపోతుంది. వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాల్సిన మనిషి అతను. క్యాంపుల్లో వెన్నెముక, మెడ కదలికలు కొలిచి, ఎక్స్‌రే చూసి శాతం ఇవ్వాలని ఆరోగ్యశాఖతో కలిసి ఉత్తర్వు తెప్పించండి. ముదిరిన వాళ్లకు ఇంటికే వచ్చి పరీక్షించే ఏర్పాటు ఉండాలి.

స్వచ్ఛభారత్ కింద కట్టిన మరుగుదొడ్లలో ఎక్కువ భాగం గొంతుక్కూర్చునేవి. మోకాళ్లు మడవలేని వాళ్లకు అవి ఉన్నా లేనట్టే. వాళ్లు తెల్లవారుజామున ఇంకొకరి భుజం పట్టుకుని బయటికి పోతున్నారు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రతి ఇంటికి ఒక వెస్టర్న్ కమోడు, కూర్చునే ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు, రెండు పక్కలా గోడకు ఇనుప పట్టీలు, మూడడుగుల తలుపు, గడపకు బదులు అడుగుకు పన్నెండడుగుల వాలు. లోపల నల్లా కూర్చున్నచోటి నుంచి చేయి చాస్తే అందాలి. మేస్త్రీకి రెండు రోజుల పని. నీళ్ల కోసం ఇన్ని కోట్లు పెట్టిన చోట దీనికి డబ్బు లేదనడం న్యాయం కాదు.

ముదరకముందే పట్టుకోవడం కూడా కష్టమేం కాదు. మూడు పరీక్షలు ఆశా కార్యకర్త రెండు నిమిషాల్లో చేయగలదు: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక పెట్టుకోవడం. ఇందులో ఏది రాకపోయినా మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షకు పంపాలి. నొప్పులకు ఏళ్ల తరబడి ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు మింగితే కిడ్నీలు చెడతాయి. ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోయే దారి కిడ్నీయే. అది చెడితే ఎముకలో ఇంకా పేరుకుంటుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది, మాత్రలు ఇంకా మింగుతారు. మొదటి దశలో మంచి నీళ్లు, పాలు, పెరుగు, తైదలు (రాగులు), నువ్వులు, మునగాకు, ఉసిరి, జామ అందితే నొప్పులు తగ్గుతాయి. నల్ల ఉప్పు, డికాషన్ టీ, వక్క మానాలి, వాటిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. పాలూ గుడ్డూ కొనుక్కోలేని ఇంటికి ఈ జాబితా చదివి వినిపిస్తే అవమానించినట్టే. రేషన్ దుకాణంలో ఈ మండలాలకు తైదలు చేర్పించండి.

శాశ్వత నీళ్ల మాట రాగానే సొరంగం, రిజర్వాయర్లు గుర్తుకొస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది కార్మికులు చనిపోయారు, వాళ్లంతా వేరే రాష్ట్రాల నుంచి మాకు నీళ్లు తేవడానికి వచ్చినవాళ్లు. శివన్నగూడెం వంటి రిజర్వాయర్ల కింద భూములు, ఇళ్లు పోయినవాళ్లు ఏళ్లుగా పరిహారం కోసం కూర్చున్నారు. ఆ శాఖ మీది కాదని తెలుసు. మంత్రివర్గంలో మీరు కూర్చుంటారు కాబట్టి చెప్తున్నాం: మా ఎముకల పేరు చెప్పి ఇంకొకరి ప్రాణం, ఇంకొకరి ఇల్లు చవకగా తీసుకోవద్దు. తవ్వకం రక్షణ ఏర్పాట్లతోనే సాగాలి, ముంపు పరిహారం ఇళ్లు ఖాళీ చేయించకముందే అందాలి.

ఇందులో ఎక్కువ భాగానికి కొత్త పథకం అక్కర్లేదు. మార్చి మొదటి వారంలోపు ఈ మండలాల్లోని ప్రతి పంచాయతీకి ట్యాంకరు నింపే పాయింటు, మూడు ట్రిప్పుల వేళలు, ముందు ఆగాల్సిన ఇళ్ల జాబితా ఒక కాగితం మీద రాసి సర్పంచి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), ఆశా ముగ్గురి సంతకాలతో పంచాయతీ గోడకు అంటించాలి. నిరుడు 1.5 దాటిన బోర్ల పైపులు ఆలోపే కోసి ఉండాలి. ఫ్లోరైడ్ మండలాలు 2016లో రెండు జిల్లాలకు చీలిపోయాయి కాబట్టి ఇద్దరు కలెక్టర్లనూ ఒకే సమీక్షలో కూర్చోబెట్టండి. ఆ సమీక్షకు ఊళ్లవారీగా నల్లా రాని రోజుల పట్టిక తెప్పించండి. పట్టిక తయారుచేయడానికి, శాంపిళ్లు పట్టడానికి, సర్పంచులకు, వాటర్‌మన్‌లకు నేర్పడానికి మేం వస్తాం, ఏ ఊరికి పిలిచినా వస్తాం.

ఇట్లు,
నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాల ఫ్లోరైడ్ మండలాల్లో నీటి, ఆరోగ్య, వికలాంగుల హక్కుల పని చేస్తున్నవాళ్లం